అగ్రిమెంటు లేని వంటామె

తరిగొప్పులలో జగపతి నడిపే ప్రైవేటు బడిలో పనివాళ్లు ఇరవై ముగ్గురు. ఇరవై ఇద్దరు అగ్రిమెంటు మీద సంతకం పెట్టి, అసలు సర్టిఫికెట్లు ఆయన బీరువాలో పెట్టి చేరినవాళ్లే. ఏడాది నిండేదాకా పని మానకూడదు, కాయితాలు అడగకూడదు. ఇరవై మూడో మనిషి వంట సారమ్మ. ఆమె బడి గడప తొక్కిందే గంటె పట్టుకుని. సర్టిఫికెట్ లేని మనిషిని ఎట్లా కట్టేయాలో గుమస్తా సంతోష్‌కు తోచక, ఆమె ఫారం ఖాళీగా ఫైల్లో పెట్టేశాడు.

సారమ్మ తండ్రి బుచ్చయ్య, ఊరి దొర దగ్గర పాలేరుగా జీతం ఉన్నవాడు. ఉగాదినాడు ఇద్దరు పెద్దమనుషుల ముందు మాట అనుకునేవాళ్లు: ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. దొర చెప్పులు ఎగ్గొట్టిన ఏడాది బుచ్చయ్య నాగలి ముట్టలేదు. సారమ్మకు తెలిసిన చట్టమంతా అదే.

ఆమె బిడ్డ హరిత ఆ బడిలోనే లెక్కలు చెబుతుంది. సర్కారు గురుకులంలో కొలువు తగిలింది. మరునాడు జనగామలో అసలు సర్టిఫికెట్లు చూపించకపోతే అది పక్కవాళ్లకు పోతుంది. మూడు రోజులు అడిగినా జగపతిది ఒకటే జవాబు: "అగ్రిమెంటు సదువుకోమ్మా."

ఆ రోజే బడిలో తల్లిదండ్రులకు విందు. రెండు వందల మందికి బగారన్నం, మటను. సారమ్మ ముక్కలకు ఉప్పూ కారం పట్టించి, చేతులు కడుక్కుని, పొయ్యి ముట్టించకుండానే జగపతి గదిలోకి పోయింది.

"పటేలా, నేను పని మానేస్తున్న."

"ఏడాది నడుమ ఎట్ల మానేస్తవ్? అగ్రిమెంటున్నది గదా."

"నాదేది? జర చూపియ్యి."

సంతోష్ ఫైలు తిరగేసి ఖాళీ ఫారం బయటికి తీశాడు. దాని వెనకే మొహం దాచుకున్నాడు.

"మరి వంటెవరు చేస్తరు?" అన్నాడు జగపతి.

"నీ బీరువల గన్ని డిగ్రీలున్నయి గదా. మటన్ వండుడు ఏ కాయితంల ఉన్నదో ఎతుక్కో."

"బెదిరిస్తున్నవా?"

"సదువు రానిదాన్ని, నాకేం బెదిరిచ్చుడొస్తది. హరిత కాయితాలియ్యి, పొయ్యి ముట్టిస్త."

బయట కుర్చీలు పరుస్తున్నారు. జగపతి తాళంచెవులు తీశాడు. "రేపు మాపటికి మళ్ల తెచ్చి పెట్టాలె."

"పిల్ల కష్టపడి సదివింది, నీ బీరువ సదవలే. జిరాక్స్ పెట్టుకో."

హరిత మధ్యాహ్నం బస్సుకే జనగామ పోయింది. పటేలు మనసు తెల్లారేదాకా అట్లాగే ఉంటుందని ఆమెకు నమ్మకం లేదు.

విందు గంట ఆలస్యమైంది. ముక్క ఇంకాస్త ఉడకాల్సిందని జగపతి గొణిగాడు కానీ, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. అందరూ పోయాక, ముగ్గురు టీచర్లు ఖాళీ పళ్లేలతో వంటింటి గుమ్మం దగ్గరికి చేరారు. వాళ్లకు అన్నం అక్కర్లేదు.

"అక్కా," అంది రూప టీచరు గొంతు తగ్గించి, "మళ్ల విందెప్పుడు?"