మెదక్‌లో కార్డులకు ఇస్త్రీ

ఆ ఏడు మెదక్‌లో పడ్డ వానకి చేపలు జీపెక్కి మాతో ప్రయాణం చేశాయంటే మా కాకినాడలో ఎవరూ నమ్మరు. చేపల సంగతి పోనీండి, కార్డులు తడిసిన మాట మాత్రం నిజం.

కంప్యూటరుతో వంతెనల డిజైను చేసే పద్ధతుల మీద హైదరాబాదులో దేశదేశాల ఇంజనీర్ల సదస్సు. పోలండు నుంచి వచ్చిన ఇంజనీరమ్మ మెదక్ చర్చి కప్పు చూస్తానంటే, ఆ సదస్సుకే వచ్చిన నేను జీపులో వెంట వెళ్లాను. ఆ రోజుల్లో కంప్యూటరు చదివేది చిల్లులు పొడిచిన అట్టకార్డుల్నే; ఆమె లెక్కంతా వాటిలోనే ఉంది. ఆ పెట్టెని చంటిబిడ్డలా వెంట తిప్పేది. తడిసి ఉబ్బిన కార్డుల్ని కంప్యూటరు మింగదు. మర్నాడే ఆమె ప్రసంగం. పాపం, కళ్లనీళ్లు పెట్టుకుంది.

బజార్లో బొగ్గుల ఇస్త్రీపెట్టెతో లాండ్రీ బాలమ్మ కనిపిస్తే కాళ్లావేళ్లా పడ్డాను.

"గీ అట్టముక్కలకు ఇస్త్రీనా సారూ? సరే, పరేషాన్ గాకుండ్రి. దొరసానిని ఏడ్వొద్దని చెప్పుండ్రి. జర చాయ్ తాగి రాండ్రి" అంది.

తిరిగొచ్చేసరికి కార్డులన్నీ వరస తప్పకుండా, మడత విప్పని పట్టుచీరల్లా ఉన్నాయి. కాని ప్రతి కార్డు మూలనా నల్లటి చాకలిగుర్తు!

"ఇదేం పనమ్మా?"

"వేరేటోళ్ల బట్టల్ల కలిస్తే ఎట్ల దొరుకుతయి? గుర్తు పెట్టకుంట నేనేదీ ఇయ్య."

ఆ గుర్తుల్ని కూడా కంప్యూటరు లెక్కలో కలిపేస్తుందేమోనని నా భయం. అయితే మర్నాడు కంప్యూటరు చిల్లులే చూసింది, గుర్తుల జోలికి పోలేదు. వంతెన లెక్క గడగడా అచ్చయింది. ఇంజనీరమ్మ ప్రసంగంలో మొట్టమొదటి కృతజ్ఞత బాలమ్మకే చెప్పింది.

"ఆ బాలమ్మగారిది ఏ యూనివర్సిటీ?" అని నా పక్కనున్న ప్రొఫెసరు అడిగాడు.

"మెదక్" అన్నాను గంభీరంగా. "ఆవిడే లేకపోతే ఆ వంతెన లేదండీ."

నా కోతలన్నిటిలోకీ నిజానికి దగ్గరగా వచ్చింది అదే.