కొత్త చిక్కుళ్ళు ముందెవరు తినాలి

భోపాల్‌పట్నం దగ్గరి మా ఊరి బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పిన తిరుపతమ్మ గురించి రాయబోతే నాకు ముందు కోపమే వస్తుంది. ఆమె మీద కాదు.

పుస్తకంలో వ్యవసాయం పాఠం తెరిస్తే ట్రాక్టరు, గోధుమ చేను. మా దొర్ల ఆదివాసీ పిల్లలు గోధుమ మొక్కను కంటితో చూసి ఎరగరు. తిరుపతమ్మ పుస్తకం పక్కన పెట్టి, మధ్యాహ్న భోజనం పళ్ళెం చూపించి, "ఇండ్ల ఏది ఏ చేన్ల పండిందో చెప్పుండ్రి," అనేది. పిల్లలతోనే బడి కంచె పొడవునా చిక్కుడు గింజలు పెట్టించింది. పళ్ళేలు కడిగిన నీళ్ళు మోసి పాదులకు పోసిందీ వాళ్ళే.

తొలి కాపు వచ్చిన వారంలో తనిఖీకి ఒక అధికారి దిగాడు. గనుల పట్నం కిరండూల్‌లో పెరిగిన తెలుగువాడే. కాయలు చూసి ముచ్చటపడి, వాటినే వండి పిల్లలకు పెట్టమన్నాడు. తింటుంటే ఫోటో తీసుకుంటాడట!

ఇక్కడ పండుం, అంటే కొత్తల పండుగ, జరగనిదే కొత్త చిక్కుడు ఎవరూ నోట పెట్టరు. ఊరంతా ఒకే రోజు దేవతకు పెట్టి తింటుంది. ముందు కాసినవాడు కూడా అందరి పాదులూ కాసేదాకా ఆగుతాడు.

"ఇంక పండుం కాలే సార్. ఇప్పుడు కొయ్యొద్దు," అంది తిరుపతమ్మ.

"స్కూల్లో ఈ మూఢనమ్మకాలేంటమ్మా!" అని ఆయన డ్రైవరు చేత కాయలు కోయించాడు. వంటామె భయపడుతూనే వండింది. పళ్ళేల్లో కూర పడింది. ఒక్క పిల్లా ముట్టలేదు. తినమని అరిస్తే సుక్కి అనే పిల్ల లేచి, "మా అమ్మ ఇంక తినలే సార్," అంది.

అంతకంటే మంచి వ్యవసాయ పాఠం ఏ పుస్తకంలో ఉంది? వినే చెవులుండాలి కదా! ఆయన పళ్ళేన్ని ఆ పిల్ల మూతి దాకా నెట్టాడు. తిరుపతమ్మ చటుక్కున లాగేసింది.

"పండిచ్చింది ఈళ్ళు. ఎప్పుడు తినాల్నో ఈళ్ళకు ఎరికే. మీ జబర్దస్తీ ఏంది?"

ఆమెది అతిథి టీచరు, అంటే తాత్కాలిక కొలువు. ఒక్క మాటకు ఊడిపోతుందని ఆమెకు తెలుసు. ఊడింది. పిల్లల చేత అన్నం మాన్పించిందని నింద వేశారు. సిగ్గుండాలి! ఆ పూట కూర తిన్నది ఆ సారూ, ఆయన డ్రైవరూ. ఆమె చోటుకు ఇప్పటిదాకా ఎవరినీ పంపలేదు.

తీగ మళ్ళీ కాసింది. పండుం నాడు పిల్లలు ఆ కాయలు ఊరి వంటలో వేసి, అందరితో కలిసి తిన్నారు. తర్వాత ఆకు దొప్పలో కూర పట్టుకుని తిరుపతమ్మ ఇంటికి బయలుదేరారు. నేనూ వెంట వెళ్ళాను.

"మేడం, ఊరు తిన్నది. ఇగ మీరు తినుండ్రి," అంది సుక్కి.

తిరుపతమ్మ ఏడుస్తూనే తింది. నాకూ ఒక ముద్ద పెట్టారు. తిన్నాను, కోపం మాత్రం పోలేదు. రేపు మూడో తరగతికి పాఠం ఎవరు చెప్పాలో ఆ అధికారినే వచ్చి చెప్పమనండి!