దాటిన కాలు వెనక్కి

తొంభైల చివర్లో మదనపల్లెలో ఒక రేకుల షెడ్డులో ఆడపిల్లలకు జూడో నేర్పేదాన్ని. పడేయడం ఎవరైనా నేర్చుకుంటారు. పడ్డ మనిషి వెల్లకిలా ఉండి రెండు కాళ్లూ అడ్డం పెడుతుంది చూడండి, ఆ కాళ్లు దాటి పక్కకు చేరి అదిమిపట్టడమే అసలు పని. అది నేర్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

ముఖ్యంగా ఒక పిల్లతో. రామసముద్రం వైపు నుంచి వచ్చేది, మేకలు కాసేవాళ్ల ఇంటిపిల్ల. మంచి బలం. అవతలిదాని మోకాలు నేలకు నొక్కి, చక్కగా కాలెత్తి దాటేది. దాటి, వెంటనే మళ్లీ వెనక్కి దాటేది!

"యాలమ్మా ఎనక్కొస్తాండావు?"

"పండుకున్నోళ్లను దాటితే ఎదగరంట కదక్కా. మళ్లా ఎనక్కి దాటాలంట. మా అవ్వ సెప్పింది."

అవతలి పిల్ల అప్పటికే దీనికంటే జానెడు పొడుగు. ఇంకా ఎంత ఎదగాలట? అరిచాను, బతిమాలాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఊరికే అరవలేదు నేను. కుప్పం పోటీల్లో గెలిస్తే దానికి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది. వాళ్ల నాన్న నా ఎదుటే తేల్చేశాడు: "గెలిస్తే సదువుకోనీ. లేకుంటే బడి సాలించి మేకల కాడికి రావాల్సిందే."

కుప్పానికి బయల్దేరిన రోజు పుంగనూరులో బస్సు మారాలి. బస్టాండులో ఒక ముసలామె మూట మీద తలపెట్టి దారికడ్డంగా పడుకుని ఉంది. మా బస్సు కదులుతోంది. మా మహాతల్లి ఆ ముసలామె కాళ్లు దాటింది, ఆగింది, వెనక్కి దాటింది, చుట్టూ తిరిగి వచ్చింది. అంతసేపూ నేను ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కండక్టరు చేత తిట్లు తింటున్నాను. "బంగారట్టా బిడ్డ" అంది ముసలామె. నాకు ఒళ్లు మండిపోయింది.

బస్సులో కూర్చున్నాక చివరి మాట చెప్పేశాను. "సూడు, దాటినాక ఆడనే అదిమిపట్టు. గెలిచినాక నీ ఇష్టం, ఎన్నిసార్లయినా ఎనక్కి దాటుకో. మీ అవ్వతో నేను మాట్లాడుకుంటా." ఆలోచించి తలూపింది. నాకు నమ్మకం కలగలేదు.

ఆఖరి పోటీ కుప్పం పిల్లతోనే పడింది. మా పిల్ల దాన్ని పడేసింది, కాళ్లు దాటింది. దాటిన కాలు మళ్లీ కాస్త పైకి లేచింది. ఆ కాలు నేలకు ఆనింది. ఒళ్లంతా బరువుపెట్టి గంట మోగేదాకా అదిమిపట్టింది. గెలిచింది! సిగ్గులేకుండా ఏడ్చాను.

మా పిల్ల లేచింది. కుప్పం పిల్ల లేవలేదు. దెబ్బ తగిలిందేమోనని రెఫరీ, నేను పరిగెత్తాం. ఓడిపోయిన ఏడుపులోనే కళ్లు తుడుచుకుంటూ ఆ పిల్ల అంది:

"నాకేం కాలేదు సార్. ఆ యక్కను మళ్లా ఎనక్కి దాటమని సెప్పండి."

మా పిల్ల అప్పటికే కాలెత్తి నిలబడి ఉంది.