వాగు అవతలి పచ్చరంగు

తొలకరి పడ్డాక వచ్చిన రెండో బుధవారం, ఉదయం పదింపావుకు మా చిన్నకొడుకు పెళ్లి సంబంధానికి ఒక పటం అడ్డం వచ్చింది. ఆ రోజుల్లో నాకింకా అరవై రెండే. ఒక మాట పడితే రెండు అనే దుడుకు వయసు. (ఇప్పుడు ఒకటిన్నరతో సరిపెట్టుకుంటున్నాను.) దోర్నపాల్ సంతకు పోయే దారిలో ఉన్న ఆరోగ్య కేంద్రం గోడకు ఆ ఏడాది మలేరియా పటం అంటించారు. జ్వరాలు ఎక్కువ బయటపడ్డ ఊళ్లకు ఎరుపు, తక్కువ ఉన్నవాటికి పచ్చ. వాగుకు ఇవతల మా ఊరు ఎర్రగా ఉంది. అవతల పెళ్లికూతురి ఊరు లేత చిగురులా పచ్చగా ఉంది. మాట ఖాయం చేసుకోవడానికి వస్తూ పిల్ల తల్లి దాన్ని చూసిందట. మా ఇంట్లో కూర్చుని, తన కోసం కోయించిన పుంజు కూర తింటూనే, "ఏమనుకోకు వదినె. ఎర్ర ఊరికి పిల్లనెట్ల ఇస్తం? మా దిక్కు జరమే లేదు," అంది.

నాకు పటం మీదే అనుమానం వచ్చింది. రంగు వేసినవాడికి వాళ్ల ఊళ్లో ఎవరో ఇప్పసారా పోసి ఉంటారు. ఆమెను చెయ్యి పట్టుకుని కేంద్రానికి తీసుకుపోయాను. అక్కడ మా ఊరి మితానిన్ కూర్చుని ఉంది. (ఇంటింటికీ మందులు తెచ్చే ఆరోగ్య కార్యకర్త; మా చెల్లెలి కోడలు కూడా.)

"ఏందే ఇది? దోమకు వాగు దాటుడు రాదా?"

"ఎందుకు దాటదు పెద్దత్తా! పోయినసారి నెత్తురు పరీక్షల బండి వస్తే మన ఊర్ల నువ్వు తప్ప అందరు వేలు చాపిండ్రు. వాళ్ల ఊర్ల బండి చూడంగనే సగం మంది అడవిల పడ్డరు. పరీక్ష చెయ్యని జరం పటం మీదికి ఎట్ల వస్తది? అంతకుముందేడు మనది గూడ పచ్చనే. అప్పుడు ఉరికింది మనం."

"అయితే ఈమె వేలు పొడువు," అన్నాను.

"నాకు జరమే లేదంటిని గద!"

"లేకుంటే భయమెందుకు వదినె?"

చుక్క రక్తం పరీక్ష పట్టీ మీద పడింది. కాసేపటికి రెండు గీతలు తేలాయి. రెండుంటే మలేరియా ఉన్నట్టు. నేను నవ్వు ఆపుకోలేదు. ఆమె నిదానంగా, "ఇగ వదినెది పొడువు. పట్టీ నా ముంగటనే విప్పు," అంది. (మా మీద ఆమెకు అంత నమ్మకం.)

నాకూ రెండు గీతలే. ఒళ్లు వెచ్చబడకుండానే ఆ మలేరియా పురుగు నెత్తుట్లో కాపురం చేయగలదట. ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని చేదు మాత్రలు మింగాం. ఎవరు ముందు మొహం చిట్లిస్తారా అని ఓరగా చూసుకుంటుంటే ఆమెకే నవ్వొచ్చింది. "ఇప్పుడు ఏ ఊరు పచ్చ వదినె?" అంది.

మరుసటి పరీక్షకు తన ఊరినంతా ఆమే నడిపించింది. తర్వాతి పటంలో వాళ్లదీ ఎర్రబడింది, పెళ్లీ జరిగింది. ఇప్పుడు రెండు ఊళ్లూ పచ్చే. అయినా ఏటా ఇద్దరం కలిసి వెళ్లి, ఎందరు వేలు చాపితే వచ్చిన పచ్చ ఇది అని అడిగి వస్తాం.

మొత్తం మీద పోయినవి: ఒక పుంజు, చెరో చుక్క నెత్తురు, నా ఒంటికి మలేరియా అంటదని అప్పటిదాకా చెప్పుకున్న గొప్ప.