నల్లబల్ల పై సగం

నిన్న మధ్యాహ్నం కొరియర్ అతను మా గుమ్మంలో నిలబడి, "మళ్ళా వాపసేనామ్మా?" అని అడిగాడు. ఇది మూడోసారి. అతని మొహంలో నిజంగానే జాలి కనిపించింది గానీ, పొట్లంలో ఏముందో తెలిస్తే ఆ మొహం ఎటు తిప్పుకునేవాడో! పొట్లం మా అక్క కూతురిది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, కర్నూలులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి నా దగ్గరే ఉంటోంది. మా ఇంటి ఆడవాళ్ళందరిలాగే తనదీ నిండు ఒళ్ళు. లోపల వేసుకునే బ్రాల కోసం ఫోను ముందు కూర్చుని ఆ పిల్ల వేసే లెక్కలు, లెక్కల టీచరుగా రిటైరైన నాకే అంతుపట్టవు. అంకె ఒకటట, అక్షరం ఒకటట. తీరా వచ్చినవి చూస్తే పైన పటారం, లోన లొటారం. లేసులు బోలెడు, ఆసరా సున్నా. కింద పట్టీ సరిపోతే పైన కప్పు చాలదు, పైన చాలితే కింద పట్టీ వదులై వీపు మీదికెక్కి కూర్చుంటుంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన యూనిఫారం సంగతీ అంతే. భుజాలకు సరిపోయిన కోటు రొమ్ము దగ్గర పడదు, రొమ్ముకు పట్టిన కోటు భుజాల మీంచి జారి మోచేతుల్లోకి వస్తుంది.

కొరియర్ అతను వెళ్ళాక పిల్ల మంచం మీద కూలబడి, దిండు ఎదకు హత్తుకుని ఏడ్చింది. "చిన్నమ్మా, సెలైన్ బాటిల్ తగిలించల్లంటే ఎవర్నో ఒకర్ని బతిమాలుకుంటాండా. చెయ్యి పైకెత్తితే బొత్తాం ఊడొస్తాది. మొన్న పెద్ద సిస్టరు వార్డులో అందరి ముందర అడిగింది, బాటిలు తగిలించేదానికి గూడా చేతగాదా అని. నాకీ ఉద్యోగం వద్దు. నెలాఖరుకు మానేస్తా" అంది. చెయ్యి పైకెత్తలేక ఉద్యోగం మానేస్తానన్న ఆడది మా వంశంలో తను మొదటిది కాదు.

ఆ మొదటిదాన్ని నేనే. మాది పత్తికొండ. ఇరవై మూడేళ్ళ వయసులో కోడుమూరు పక్కన ఒక పల్లెలో, హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. బరువైన రొమ్ము మా అమ్మమ్మ నుంచి ఆడపిల్లలందరికీ వాటాలు తప్పకుండా పంచిన ఆస్తి. పొలాలు మాత్రం మామయ్యల పాలయ్యాయి. ఆ ఆస్తిని దాచుకోవడానికి నేను నేర్చిన విద్యలు ఇన్నీ అన్నీ కావు. భుజాలు ముందుకు వంచడం, హాజరు పట్టీని ఎదకు ఆనించుకుని నడవడం, పైటకు నాలుగు పిన్నీసులు గుచ్చుకోవడం. అన్నిటికన్నా పెద్ద విద్య, నల్లబల్ల కింది సగంలోనే లెక్కలు చేయడం. అవును, కింది సగంలోనే. ఉద్యోగంలో చేరిన రెండో వారం బల్ల పైన తేదీ రాయబోయి చెయ్యెత్తితే, జాకెట్టు హుక్కు టప్పుమని ఊడి మొదటి బెంచీ మీద పడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కోప్పడి ఊరుకునేదాన్ని, ఆ నవ్వకపోవడమే నన్ను చంపేసింది. ఆ రోజు నుంచి నా చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. వెనక బెంచీల పిల్లలు లెక్క కనపడక లేచి నిలబడేవాళ్ళు, వాళ్ళ వెనక వాళ్ళు బెంచీలెక్కేవాళ్ళు. నా క్లాసు అంతా తిరణాలే.

ఒక శుక్రవారం హెడ్మాస్టరుగారు పిలిచారు. "ఏమ్మా, సర్కారు నీకు బల్ల మొత్తం ఇచ్చినాది గదా, సగంలోనే కాపరం చేస్తాండావెందుకు? సోమవారం ఇన్‌స్పెక్షన్ ఉండాది. ఇట్లనే చెప్తే నేను గూడా నిన్ను కాపాడలేను" అన్నారు. ఆయన మంచివాడే. కానీ ఆయనకు నేనేం చెప్పగలను? గదికి వచ్చి రాజీనామా రాసుకున్నాను. చక్కగా, మార్జిన్ కొట్టి మరీ రాశాను. అయినా ఆశ చావక, శనివారం బడి వదలగానే బస్సెక్కి కోడుమూరు వెళ్ళాను, ఒక వదులు జాకెట్టు కుట్టించుకుందామని.

ఇక్కడ మా ఆది జాకెట్టు గురించి చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు మగ దర్జీ ఆడదాని ఒంటి మీద టేపు పెట్టడం ఎక్కడా లేదు. పాత జాకెట్టు ఒకటి పట్టుకుపోయి ఇస్తే, దాన్నే కొలతగా పెట్టుకుని కొత్తది కుట్టేవాడు. అదే ఆది. కోడుమూరులో నేను కుట్టించుకునే దర్జీ మాస్టరు మహా మర్యాదస్తుడు. ఆడవాళ్ళు అంగడి మెట్టెక్కితే చాలు, తల వంచుకుని మిషను చక్రంతో మాట్లాడేవాడు. "ఆది తెచ్చినావామ్మా?" అన్నదొక్కటే ఆయన ప్రశ్న. ఆయన నమ్మకం ఎంత గొప్పదంటే, ఆదిలో చంక కింద అతుకుంటే కొత్త జాకెట్టుకూ అదే చోట అతుకు వేసి ఇచ్చేవాడు. మా ఇంట్లో ఆది ఒకటే, ముదురు మెరూన్ రంగుది. అది అక్కదని నేను, నాదని అక్క అనుకుంటూ ఏళ్ళ తరబడి దాన్నే దర్జీలకు ఇస్తూ వచ్చాం. 'ఇది చాలడం లేదు, పెద్దది కుట్టు' అని నోరు తెరిచి అడగడం మా అమ్మ దృష్టిలో సిగ్గుమాలిన పని. అడగని అమ్మా, చూడని మాస్టరూ, నోరు మెదపని మేమూ! తిలాపాపం తలా పిడికెడు.

ఆ శనివారం నేను మెరూన్ జాకెట్టు ఇచ్చి, "కొంచెం వదులుగా" అన్నాను. మాస్టరు చక్రం వైపు చూస్తూ, "చుట్టూ అరంగుళం ఎక్కువ పెడతాలేమ్మా" అన్నాడు. అంతలో అంగడి వెనక పరదా మాటు నుంచి ఒక ఆడగొంతు ఖంగుమని వినిపించింది. "చుట్టూ అరంగుళం పెడితే భుజాలు జారిపోతాయి, ఎద మాత్రం అట్లనే బిగుసుకోని ఉంటాది. ఆ పాపను లోపలికి పంపియ్యండి."

ఆమె మాస్టరు భార్య. ఆమె చెల్లెలి పిల్లలు ఖాలా, ఖాలా అని పిలుస్తుంటే వీధి వీధంతా అలాగే పిలవడం అలవాటైంది. ఖాలా అంటే వాళ్ళింటి మాటల్లో చిన్నమ్మ అని. సన్నగా, ఎండు కంది కట్టెలా ఉండేది. పరదా వెనక చిన్న గది, సున్నం వేసిన గోడ, మూలన చేత్తో తిప్పే మిషను. లోపలికి వెళ్ళగానే మెరూన్ జాకెట్టు చేతిలోకి తీసుకుని, తిరగేసి, కుట్ల మీద వేలు నడిపి, "ఇదెవురిది?" అంది. అక్కదని చెప్పలేక నాదేనన్నాను. "కాదు కూతురా. ఈ జాకెట్టు మనిషి నీకంటే పొట్టి. కడవ ఎప్పుడూ ఎడమ చంకనే పెట్టుకుంటాది, సూడు, ఆ పక్క కుట్టు ఎట్ల నలిగినాదో. తొలికాన్పు గూడా కాలేదు అప్పటికి" అంది.

నేను గోడకు ఆనుకున్నాను. మా అమ్మ కడవ మోసేది ఎడమ చంకనే. అది అమ్మ జాకెట్టు. పెళ్ళైన కొత్తలోది. అంటే ఇన్నేళ్ళూ మా అక్కా నేనూ, మేమింకా పుట్టనైనా పుట్టని నాటి అమ్మ ఒంట్లో దూరి ఊపిరి బిగబట్టుకుని బతుకుతున్నామన్నమాట! ఎన్నడూ చూడని మా అమ్మను ఒక గుడ్డముక్కలో చూసి చెప్పిన ఆ మనిషి ముందు నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. చేతులెత్తితేనే గదా తంటా!

ఖాలా దగ్గర టేపు లేదు. డబ్బాలోంచి లంగాకు కట్టే తెల్ల నాడా ఒకటి కొత్తది తీసింది. "నువ్వేం పని చేస్తాండావు?" అంది. ఒంటి కొలతకు పనితో ఏం పనో నాకర్థం కాలేదు. టీచరునన్నాను. "కూచోని చేసే పనా, నిలబడి చేసే పనా?" బల్ల మీద రాయాలని చెప్పాను. వెంటనే గుడ్డ మీద గీసే సుద్దముక్క నా చేతిలో పెట్టి, "గోడ మీద రాయి. ఎంత పైకి అందితే అంత పైకి" అంది. తర్వాత తెలిసింది, అందరినీ ఆమె అలాగే కొలిచేదని. కలుపు తీసేవాళ్ళను వంగమని, టమాటా గంపలెత్తేవాళ్ళ నెత్తిన తన బియ్యం మూట పెట్టి, పిల్లతల్లుల ఒళ్ళో దిండు పెట్టి కొలిచేది. నిలబెట్టి కొలిస్తే బొమ్మకు పనికొస్తాది, మనిషికి పనికిరాదని ఆమె శాస్త్రం.

నేను అలవాటుగా నా ఎద ఎత్తున ఒక సున్నా చుట్టాను. "ఇంగా పైకి" అంది. ఇంకో జానెడు పైన చుట్టాను. "ఇంగా." అందదు ఖాలా, అన్నాను. "అందదా, అందనియ్యవా?" అంది. ఆ గదిలో మేమిద్దరమే. పిన్నీసులన్నీ తీసేశాను. మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి చాచి, దూలం కింద సున్నా చుట్టాను. చుట్టానో లేదో నాడా నా చుట్టూ తిరిగింది. రొమ్ము కింద ఒకసారి, నిండుగా ఉన్నచోట ఒకసారి, భుజం మీంచి కిందికి ఒకసారి. "ఊపిరి నిండా పీల్చు" అంది. పీల్చాక ముడి వేసింది, వదిలాక పక్కనే ఇంకో ముడి వేసింది. ఆ రెండు ముడుల మధ్య నా ఊపిరికి ఆమె చోటు ఉంచింది. అంతసేపూ ఆమె కళ్ళు నా సున్నా మీదే ఉన్నాయి, నా ఒంటి మీద ఒక్కసారీ వాలలేదు. వేళ్ళకు కళ్ళుంటాయని ఎవరన్నా అంటే నేను వెంటనే నమ్ముతాను, చూసిన దాన్ని కాబట్టి.

ముందు పాత పేపరు కత్తిరించింది, తర్వాత మెత్తని నూలుగుడ్డ. లోపల వేసుకునే బాడీకి ఒక్కో వైపు మూడేసి ముక్కలు, బొటనవేలంత వెడల్పు భుజం పట్టీలు, హుక్కులు ముందు వైపు. దాని మీదికి జాకెట్టు. ఆదివారం సాయంత్రం రెండూ నా చేతిలో పెట్టి, కొలిచిన నాడా కూడా చుట్ట చుట్టి ఇచ్చింది. "నీ కొలత నీ దగ్గరే పెట్టుకో. అది ఇంగొకరి ఇంట్లో ఉండగూడదు. మళ్ళా వచ్చేటప్పుడు తీసుకోని రా, ముడులు ఇప్పి కొత్తగా ఏస్తా." ఎందుకు విప్పడం, నేనెక్కడికి పోతాను, అని నవ్వాను. "ఒళ్ళు ఊరికే ఉంటాదా?" అంది.

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. రాజీనామా నా సంచిలోనే ఉంది. నేను బల్ల దగ్గరికి వెళ్ళి, ఊపిరి నిండా పీల్చి, చెయ్యి ఎత్తాను. ఏదీ తెగలేదు, ఏదీ పైకి పాకలేదు, ఏదీ కదలలేదు. ఒళ్ళంతా ఎవరో రెండు చేతులతో భద్రంగా పట్టుకుని నిలబెట్టినట్టుంది. బల్ల పై అంచున తేదీ రాశాను. ఎంత పెద్ద అక్షరాలతో రాశానంటే, నెల పేరుకే సగం జాగా పోయింది. వెనక నుంచి ఒక పిల్ల, "టీచర్, ఈ పొద్దు లేయకుండానే కనపడతాండాది!" అని అరిచింది. ఇన్‌స్పెక్టరు నా గురించి ఏం రాశాడో నాకు ఇప్పటికీ తెలియదు, అవసరమూ పడలేదు. ఆ సాయంత్రం రాజీనామా చింపి పొయ్యిలో వేశాను. ముప్ఫై ఐదేళ్ళు, బల్ల మొత్తం నాదే.

నిన్న ఇదంతా అక్క కూతురికి చెప్పి, ట్రంకు పెట్టెలోంచి ఆ నాడా తీశాను. ఖాలా పోయి చాలా ఏళ్ళైంది. ఆమె దగ్గర సెలవుల్లో కూర్చుని కత్తిరింపు నేర్చుకున్నాను, నా కుట్టు వంకరైనా నిలబడుతుంది. పోయే ముందు ఏడాది ఆమె నాకు చివరిసారి వేసిన ముడులు నాడాకు అలాగే ఉన్నాయి. వాటిని బట్టే నేను ఇప్పటికీ నావి కుట్టుకుంటున్నాను. పిల్ల కళ్ళు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. "అందుకేనా చిన్నమ్మా, నీకు భుజాల మీద అట్ల వాతలు పడతాండేది? నీ ఒళ్ళు ఆ పొద్దటి మాదిరే ఉండాదా?"

సిగ్గుతో తల వంచుకున్నాను. పట్టీలు కోసుకుపోతుంటే ఇన్నాళ్ళూ గుడ్డను తిట్టాను, దారాన్ని తిట్టాను, బీపీ మాత్రలను తిట్టాను. ఆ మెరూన్ జాకెట్టును వెక్కిరించిన నేనే, ఖాలా ముడులను ఆది చేసుకుని కూర్చున్నాను. ఆమె ఎప్పుడూ వద్దన్న పనిని ఆమె మీద ప్రేమతో చేశాను.

ముడులు గట్టిగా బిగుసుకున్నాయి. ఆమె వేళ్ళు వేసినవి, లోకంలో ఆమె చేతి పని నా దగ్గర మిగిలింది అదొక్కటే. మొదటిది విప్పడానికి చాలాసేపు పట్టింది, గోళ్ళు చాలక పంటితో లాగాను. నా కళ్ళు మసకబారితే రెండోది పిల్లే విప్పింది. అన్నీ విప్పాక నాడా మీద చిన్న చిన్న మడతలు మిగిలాయి. "తలుపు మీద ఆ మేకు ఉండాది చూడు, దానికి బాటిలు తగిలిస్తాండావనుకో" అన్నాను. పిల్ల భుజం ఎత్తున చెయ్యి పెట్టి ఆగింది. ఇంకా పైకి, అన్నాను. ఇంకా. మునివేళ్ళ మీద లేచి మేకును అందుకుంది. నేను మేకు వైపే చూస్తూ, నాడా తిప్పి, ఊపిరి పీల్చమని ముడి వేశాను. తర్వాత నాడాలో మిగిలిన సగం కోసి, నన్ను కొలవమని పిల్ల చేతికిచ్చి, గోడ దగ్గరికి వెళ్ళి నా చెయ్యి ఎత్తాను. కాలం రోజూ మన ఒంటిని విప్పి కొత్తగా కుడుతూనే ఉంటుంది, మనమే పాత ఆది పట్టుకుని దాని గుమ్మంలో నిలబడతాం.