పసుపు కట్టుతో చేసిన సిరిసిల్ల డ్యూటీ

సిరిసిల్ల బస్టాండులో దిగేసరికి పొద్దున ఏడు. ముసురు పట్టింది. మా ఆయన భుజాన మిలిట్రీ సంచి, చేతిలో పానాల పెట్టె. నా నెత్తిన స్టవ్వు, గిన్నెలు, బియ్యం, ఇంటి పసుపు. షేర్ ఆటో మమ్మల్ని మానేరు ఒడ్డుకు చేర్చింది. దారి పొడుగునా బట్టలు నేసే సాంచాల చప్పుడు. ఒడ్డున బురద. బురదలో కొత్త వంతెన స్తంభాలు. వాటి పక్కన క్రేను, తల వంచుకుని ఉంది.

అదే మా ఆయన ఆఖరి డ్యూటీ.

ఆయన పట్టాళంలో ఉన్నన్నాళ్లు నేను కోరుట్లలోనే ఉన్నాను. ఆయన అక్కడ మంచు కొండల్లో బండ్లు, క్రేన్లు బాగుచేశాడు. ఆ ముచ్చట్లు ఎవరడిగినా నవ్వి ఊరుకునేవాడు. పెన్షన్ తీసుకుని ఇంటికొచ్చాక మొబైల్ క్రేన్ల సర్వీసింగు పట్టాడు. ఏ సైటుకు పోయినా పోస్టింగు అనేవాడు, నన్ను వెంట తీసుకుపోయేవాడు. వంట నాది. పానాలు అందించడం నాది. నాకు అక్షరాలు సరిగ్గా రావు, అంకెలు వచ్చు. పదిహేడు పానా అడిగితే పదిహేడే ఇస్తాను. ఇప్పుడు నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తోంది. పట్టాళం సంగతులు ఆయనతోనే పోయాయి. నేను చెప్పగలిగింది నా కళ్లతో చూసిన ఈ ఆఖరి డ్యూటీయే.

క్రేన్ ఆపరేటరుది బీర్పూర్. నడివయసు మనిషి. మమ్మల్ని చూసి క్యాబిన్లోంచి దూకాడు.

"రా మిలిట్రన్నా! నీ పేషెంటు మంచం పట్టింది."

"ఏమైతుందిరా దీనికి?"

"బూమ్ ఆగుతలేదే. లేపి పెడితే మా అత్త కూసున్నట్టు మెల్లగ కూసుంటది."

"నీ అత్త ముచ్చట తర్వాత. హైడ్రాలిక్ ఆయిల్ ఎన్నడు మార్చినవ్?"

"వదినె ముందట ఇజ్జత్ తీయకే అన్నా!"

బూమ్ అంటే క్రేను చెయ్యి. లారీ అంత పొడుగు దూలాన్ని అదే ఎత్తి స్తంభాల మీద పెట్టాలి. కింద మనుషులు నిలబడి దూలాన్ని సర్దుతారు. పైన ఆ చెయ్యి జారితే కిందివాళ్లు మిగలరు. మా ఆయన స్తంభాల దగ్గర పనిచేస్తున్న కూలీలను చాలాసేపు చూశాడు.

వాకీటాకీలో సూపర్వైజరు గొంతు గరగరమంది. "మిలిట్రీ, ఎల్లుండి పొద్దుగాల దూలాలు అస్తయి. క్రేన్ తయారుండాలె."

"ఉంటది. ఓవర్."

ఆ సైటులో ఓవర్ అనేది ఆయనొక్కడే. ఆపరేటరు నోరు మూసుకుని నవ్వాడు.

మొదటి రోజు డీజిల్ ఇంజను. వేడి మీదే పాత ఆయిల్ దించాడు. తారులా వచ్చింది. ఫిల్టర్లు మార్చాడు. డీజిల్ పైపుల్లో గాలి తీసే పని నాది. చిన్న నట్టు వదులుచేసి చేతి పంపు కొట్టాలి. ముందు నురగ వస్తుంది. నురగ పోయి వట్టి డీజిల్ వచ్చేదాకా కొట్టాలి. సాయంత్రానికి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. టార్పాలిన్ కింద పప్పు, అన్నం. చినుకులు ఆగలేదు.

రెండో రోజు హైడ్రాలిక్స్. బూమును కిందికి దించి, పైపుల్లో ఒత్తిడి వదిలాడు. బూమును లేపే సిలిండరు విప్పాడు. లోపల రబ్బరు సీళ్లు వక్కముక్కల్లా ఊడివచ్చాయి. కొత్తవి వేశాడు. కొత్త ఆయిల్ పోశాడు. ఇంజను పెట్టించి బూము లేపించాడు. ఆగింది. కానీ సిలిండరు పక్కన పైపు దగ్గర పొగలా సన్నని తుప్పర కనబడింది.

ఆయనకు ఒక కట్టుబాటు ఉంది. పైపు ఎక్కడ కారుతుందో చేత్తో తడమకూడదు. ఫిల్టరు వచ్చిన అట్టపెట్టె ముక్క చింపి, పైపు పక్కన జరుపుతూ పోవాలి. అట్ట మీద నూనె గీత పడితే అక్కడే చిల్లు. ఎన్ని సైట్లు తిరిగినా నేను అట్ట అందించకుండా ఆయన చెయ్యి పెట్టలేదు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు అట్టలన్నీ ముసురుకు తడిసి గుజ్జయ్యాయి. మీద నూనె పడిందో వాన పడిందో తెలియడం లేదు. వాటిని పారేశాడు. చెయ్యి గుడ్డకు తుడుచుకుని పైపు వెంట పోనిచ్చాడు.

చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైందయ్యా?"

"ఏం కాలే. చీమ కుట్టినట్టైంది."

చూపుడు వేలి మొదట్లో సూదిమొన అంత చుక్క. నెత్తురు లేదు. ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఇంజను ఆపమన్నాడు.

"పసుపు పెట్టు" అన్నాడు.

మాది కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు. మా ఇళ్లలో దెబ్బ తగిలితే ముందు పసుపే. మంచినూనెలో కలిపి గట్టిగా అద్ది గుడ్డ కట్టాను. ఆయన చిల్లు పడ్డ పైపు విప్పి ఆపరేటరుకు ఇచ్చాడు.

"గిసొంటి పైపు జగిత్యాలల చేస్తరు. కొత్తది తీస్కరా పో. అడ్డమైన పైపు తేకు."

ఆపరేటరు మోటర్ సైకిల్ మీద పోయాడు. సాయంత్రానికి గుడ్డ బిగుతైంది. వేళ్లు లావెక్కాయి.

"కట్టిప్పు, సూత్త" అన్నాను.

"డ్యూటీ అయినంక సూద్దువు. ఇంకింత పసుపెయ్యి."

ఒక పూత మీద ఇంకో పూత వేశాను. చెయ్యి మణికట్టు దాకా పసుపు ముద్దైంది. ఆయన అన్నం ఎడమచేత్తో తిన్నాడు. ఒళ్లు కాలుతోంది. దవాఖానకు పోదామంటే తల అడ్డంగా ఊపాడు.

మూడో రోజు తెల్లారి కొత్త పైపు బిగించాడు. ఎడమచెయ్యి ఆయనది, బలం నాది. ఎనిమిదికి దూలాల లారీ వచ్చింది. వాకీటాకీలోకి నీళ్లు పోయి పనిచెయ్యలేదు. ఆపరేటరుకు కనబడే చోట నిలబడి చేతి సైగలు తానే చేస్తానన్నాడు మా ఆయన. వేలు పైకి తిప్పితే ఎత్తు. పిడికిలి బిగిస్తే ఆగు.

దూలం లేచింది. స్తంభం ఎత్తుకు పోయింది. అప్పుడే ఒక కూలీ జారిన తాడు కోసం దాని కిందికి ఉరికాడు. మా ఆయన అలవాటు కొద్దీ కుడిచెయ్యి లేపాడు. పిడికిలి బిగియలేదు. వేళ్లు ముడుచుకోలేదు. పసుపు ముద్ద అట్లాగే గాలిలో నిలబడింది. ఆపరేటరు అది చూశాడు. ఆపాడు.

బూము వెంట్రుకంత కూడా జారలేదు. కూలీ బయటికి వచ్చేదాకా దూలం అక్కడే వేలాడింది.

"ఆగిందన్నా! అత్త నిలబడ్డది!" క్యాబిన్లోంచి ఆపరేటరు అరిచాడు. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ఆఖరి దూలం కూర్చున్నాక క్రేను టైరుకు ఆనుకుని, "ఇగ పోదాం పా" అన్నాడు.

సైటు జీపు మా ఇంటి దారిలో ఉన్న జగిత్యాల దవాఖానలో దించింది. నర్సమ్మ కట్టు విప్పి నీళ్లు పోసింది. పసుపు కరిగి పళ్లెంలోకి కారింది. కింద వేళ్లు నల్లగా ఉన్నాయి. నలుపు అరచెయ్యి దాటింది.

"ఎట్ల తాకిందమ్మా?" డాక్టరు అడిగాడు.

"పైపు తుప్పర సార్."

"గా తుప్పర సూది లెక్క నూనెను లోపటికి కొడ్తది. పసుపు కింద నల్లబడ్డది మీకెట్ల కనబడ్తది? గంటలల్ల రావాలె గని ఒక దినం గడిచినంకనా?"

మా ఆయన కళ్లు మూసుకునే చెప్పాడు. "నాకెర్కే సార్. మిలిట్రీల మా జతగానికి గిట్లనే అయింది. చెయ్యి తీసేసిన్రు."

నేను ఆయన మీదికి వంగాను. "ఎర్కుంటే చెప్పవా అయ్యా?"

"చెప్తే నన్నాడ ఉండనిస్తువా?"

చెయ్యి తీసేశారు. ముందే షుగర్ మనిషి. విషం అప్పటికే నెత్తుట్లో కలిసింది. ఆయన దక్కలేదు. కోరుట్లకు అంబులెన్సులో తెచ్చాను. పక్కన మిలిట్రీ సంచి, పానాల పెట్టె.

ఆ వంతెన మీద బస్సులు పోతున్నాయని ఆపరేటరు ఫోన్ చేశాడు. "ఒక్కసారి అచ్చి సూడు వదినె" అన్నాడు. నేను పోలేదు. పోనక్కర్లేదు. పొయ్యి ముందు కూర్చుని పసుపు డబ్బా మూత తీస్తే చాలు. ముసురులో మానేరు ఒడ్డు. దూలం కింద మనిషి. ఆయన చెయ్యి పైకి లేచి ఉంది. వేళ్లు ముడుచుకోవడానికి చూస్తున్నాయి. ముడుచుకోవడం లేదు.