చెడ్డ రిపోర్ట్ విని గంతేసిన మా చిన్నాయన

"నాయన పోయినాడన్నా..."

నిన్న పొద్దున చిన్నాయన కొడుకు ఫోన్. గుండె ఆగిపోయిందట. నమ్మలేక మళ్ళీ నేనే ఫోన్ చేసి అడిగాను.

మా నారాయణప్ప చిన్నాయన ఇక లేడు.

దొడ్డబళ్ళాపురంలో ముప్పై ఏళ్ళు పవర్‌లూమ్ మీద చీరలు నేసిన మనిషి. ఆయన నెమ్మదిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఏ వార్తయినా కేకే!

పోయినేడాది నాకు షుగర్ అని తేలింది. టైప్ టూ. మర్నాడే బస్సెక్కి కాడుగోడిలో మా ఇంటికొచ్చేశాడు.

"పద అప్పా, కండ్ల టెస్ట్‌కి!"

"నాకు బాగానే కనిపిస్తా ఉండాది చిన్నాయనా. స్కూల్ వ్యాన్ నడుపుతా ఉండాను కదా."

"నాకూ బాగానే కనిపిస్తా ఉండె!"

నిజమే. ఆయనకి షుగర్ తేలినప్పుడు కళ్ళు చూపించుకోమని డాక్టర్ చెప్పినా, రెండేళ్ళు వదిలేశాడు. ఒకరోజు మగ్గం మీద దారాలు మసకబారాయి. కంటి లోపల రక్తం చిమ్మింది. ఎడమ కంటి చూపు మళ్ళీ రాలేదు.

హాస్పిటల్లో నా కళ్ళల్లో డ్రాప్స్ వేసి చూశారు.

"షుగర్ మీకు తెలియకముందే కొన్నేళ్ళుగా ఉండుంటుంది. కుడి కంటి రెటీనాలో వాపు ఉంది. ఇప్పుడే ఇంజెక్షన్లు మొదలుపెడితే చూపు కాపాడుకోవచ్చు," అన్నారు డాక్టర్.

"కంట్లోనా సూది?" అన్నాను.

చిన్నాయన కుర్చీలోంచి గంతేశాడు!

"దొరికిపాయె అప్పా! టైమ్‌కి దొరికిపాయె!"

ఏమైందోనని నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆమెకి కూడా దండం పెట్టాడు.

తిరుగు ప్రయాణం ఇంకా అద్భుతం! డ్రాప్స్ వల్ల నాకు ఎండలో ఏమీ కనబడలేదు. బోర్డు ఆయన చదివాడనుకుని నేను, నేను చదివాననుకుని ఆయన బస్సెక్కేశాం. ఇంటికని ఎక్కి, ఎక్కడో దూరాన అత్తిబెలెలో దిగాం! అక్కడి బస్టాండులో పొట్ట పట్టుకుని నవ్వాం. అంత భయంలోనూ అంతలా నవ్వించాడు ఆ మనిషి.

ఆ తర్వాత మా బంధువుల్లో ఎవరికి కొత్తగా షుగర్ అని తెలిసినా, పెళ్ళికి పిలిచినంత హుషారుగా కళ్ళ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళాడు.

నా ఇంజెక్షన్లు పనిచేశాయి. వాపు తగ్గింది, చూపు నిలిచింది. పోయినవారం చెకప్ అయ్యాక ఫోన్లో చెప్తే, ఆయన వేసిన కేకకి పక్కనున్న పేషెంట్లు కూడా నవ్వారు.

నిన్న దొడ్డబళ్ళాపురానికి నేనే బండి నడుపుకుంటూ వెళ్ళాను. ఆయన ముఖాన్ని రెండు కళ్ళారా చూసుకున్నాను.

పోయి రా చిన్నాయనా. ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.